శనివారం బస్తాలు

పొద్దున్నే లేచి ఆర్డిస్ చేసే మొదటి పని పొయ్యి గిన్నె గోకడం. కాఫీ కూడా దాని తర్వాతే. పొయ్యంటే కట్టెల పొయ్యి కాదు. రంపపు పొట్టుని నొక్కి గుళికలు చేసి బస్తాల్లో అమ్ముతారే, ఆ గుళికల పొయ్యి. ముప్పై ఏళ్ళ నాటిది. తొట్టిలో బస్తా గుమ్మరిస్తే లోపల మర తిరుగుతూ గుప్పెడు గుప్పెడు గుళికల్ని మంటగిన్నెలోకి తోస్తుంది. గిన్నె అడుగున చిల్లులు, ఆ చిల్లుల్లోంచి ఫ్యాను గాలి. తెల్లారేసరికి చిల్లుల మీద బూడిద కరిగి చిట్టెం కట్టేది. దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి ఊడదీసి, పొయ్యి తలుపు అద్దం మీది మసిని పాత పేపరుతో తుడిచి, మళ్ళీ వెలిగించేది. వెలిగిన పావుగంటకి ఎదురుగా ఉన్న గోధుమరంగు కుర్చీలో కర్ట్ ఉండేవాడు.

కర్ట్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. అక్టోబరులో పోయాడు.

మా లోయలో అంతే. పోయినవాళ్ళు తమ చేత్తో తయారుచేసిన కట్టె ఇంట్లో కాలినంతకాలం పొయ్యి పక్కన కూచుంటారు. మంట ఆరితే ఉండరు, వెలిగిస్తే ఉంటారు. రెండిళ్ళలో వెలిగితే రెండిళ్ళలోనూ ఉంటారు, రెండూ వాళ్ళకి తెలుస్తాయి. కట్టె అయిపోతే ఇక రారు. పూర్వం ఎవరి కట్టెలు వాళ్ళు కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అందరం గుళికల మిల్లులోనే కదా. అక్కడ శనివారాలు పనివాళ్ళు నేల మీద మిగిలిన పొట్టు ఊడ్చుకుని సొంతానికి ఒక దఫా నొక్కుకోవచ్చు. ఆ బస్తాల మీద నీలం రంగు గీత ఉంటుంది. శనివారం బస్తాలంటాం. ఎవరైనా పోయారని తెలిస్తే మేం ముందు అడిగేది, "పాపం, ఎన్ని బస్తాలున్నాడు?" అనే.

కర్ట్ యాభై ఉన్నాడు.

ఆ యాభై బస్తాల దగ్గరే వచ్చింది తంటా. పోయిన రోజు పొద్దున కర్ట్ తన పికప్పులో బస్తాలు తెచ్చి తల్లి షెడ్డులో పాతిక దింపాడు. దింపుతూ చల్లగా చెప్పాడు, ఈ చలికాలం షెల్బీ ట్రైలర్‌లో ఉంటానని. షెల్బీ అంటే పెట్రోల్ బంకులో గల్లా దగ్గర కూచునే అమ్మాయి. ఎక్కడినుంచో వచ్చిన పిల్ల, ఒకసారి పెళ్ళయి విడిపోయిన పిల్ల. వంతెన దాటగానే కుడివైపు ఉన్న ఆకుపచ్చ ట్రైలర్, అదే చక్రాల మీది రేకుల ఇల్లు, ఆమెదే. ఆర్డిస్‌కి ఆమె పేరెత్తితే ఒళ్ళు మండేది. షెల్బీ ఏం తప్పు చేసిందని అడిగితే చెప్పలేకపోయేది గానీ మండడం మాత్రం మండేది.

"అక్కడికి పోతే మళ్ళీ నా గుమ్మం తొక్కకు!" అని అరిచింది.

కర్ట్ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం నాలుగింటికి, వంతెనకి ఇవతల మలుపు దగ్గర, కనపడని మంచుపొర మీద బండి జారింది. మూడు చుట్లు తిరిగి చెట్టుకి కొట్టుకుంది. అన్ని చుట్లు తిరిగాక ఎటు వెళ్తున్న బండో ఎవరు చెప్పగలరు? వెనక ఇంకో పాతిక బస్తాలున్నాయి. బండి లాక్కొచ్చినవాడు వాటిని తల్లి వాకిట్లోనే దింపాడు. కర్ట్‌తో పెళ్ళి కాని పిల్ల వాకిట్లో ఎందుకు దింపుతాడు?

ఆర్డిస్ యాభైనీ ఒకే దొంతర పేర్చింది.

అంత్యక్రియల రోజు చర్చి దగ్గర షెల్బీ వచ్చి, "ఆరోజు నా దగ్గరికే వస్తున్నాడు కదండీ?" అని అడిగింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కాదు. నిన్ను వదిలేసి నా దగ్గరికి వచ్చేస్తున్నాడు," అంది ఆర్డిస్.

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. నవంబరులో షెల్బీ ఇంటికే వచ్చి మెట్ల కింద నిలబడి, "ఒక్క బస్తా ఇవ్వండి ఆర్డిస్ గారూ. ఒక్కరోజు చాలు. ఒకటే మాట అడగాలి," అని బతిమాలింది.

"నువ్వు వాడికి ఏమవుతావని ఇవ్వను?" అని తలుపేసేసింది.

నన్నడిగితే, ఆవిడ రాయి కాదు. ముప్పై రెండేళ్ళకే మొగుడు పోయాడు. రెండేళ్ళ పిల్లాడిని చేతిలో పెట్టి పోయాడన్న ఉక్రోషంతో, ఆయన కొట్టిన కట్టెలన్నీ కిటికీలు తెరిచి మరీ ఒక్క నెలలో కాల్చి పారేసింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఆ ఖాళీ కుర్చీ చూసి ఏడ్చింది. మళ్ళీ ఆ తప్పు చెయ్యననుకుంది. అందుకే ఈసారి పొయ్యిని ఎంత తక్కువలో పెట్టగలదో అంత తక్కువలో పెట్టింది. గాలి మీట కూడా మూసేసింది. మంట నారింజరంగుగా, బద్ధకంగా, పొగచూరి ఉండేది. కర్ట్ కూడా అలాగే ఉండేవాడు. గడ్డం ఛాతీకి ఆనించి, బూడిదరంగు ముఖంతో, కునుకుతూ. మాట లేదు, పలుకు లేదు.

దానికి ఆవిడ బెంగపడలేదు సరికదా, లోపల్లోపల హాయిగానే ఉండేది. మేలుకుంటే ఏమంటాడో! గుమ్మం తొక్కొద్దన్న తల్లిని ఏమంటాడో! నిద్రపోనీ, ఎదురుగా ఉన్నాడు, అదే చాలు అనుకునేది. ఆ కునికే కొడుకు పక్కన అల్లిక పెట్టుకుని కూచునేది.

నవంబరు ఆఖర్న టర్కీ పండగ అయ్యేసరికి ఇరవై రెండు బస్తాలు ఖర్చయిపోయాయి. అప్పుడు లైల్‌కి ఫోన్ చేసింది.

లైల్ మా ఊరి పొయ్యిల మనిషి. మిల్లులో ఫిట్టరుగా చేసి మానేశాడు. నోరు పెద్దది, చెయ్యి మంచిది. వచ్చి, టోపీ తీసి కుర్చీ వైపు తల ఊపాడు. "ఏరా కర్ట్!" అన్నాడు. కర్ట్ కునుకుతూనే ఉన్నాడు.

"ఇంకా ఎన్నున్నాడు?"

"ఇరవై ఎనిమిది."

"రోజుకోటి అయినా క్రిస్మస్ దాకా ఉంటాడుగా. పండక్కి ఉంటే మంచిదే."

"నాకు మంచు కరిగేదాకా కావాలి."

లైల్ తల గోక్కున్నాడు. "సాగదీసేవాళ్ళని ఊళ్ళో ఏమంటారో తెలుసుగా?"

"ఊళ్ళోవాళ్ళు వచ్చి నా పొయ్యి గోకుతున్నారా? అననీ."

లైల్ వంగి అద్దం తలుపు తెరిచాడు. లోపల చూసి ఈల వేశాడు. "ఏం చేశావు తల్లీ దీన్ని? పొగాకు బారను లాగుందే లోపల!"

"గాలి తగ్గించాను. మెల్లగా కాలుతుందని."

"అందరూ చేసే తెలివితక్కువ పనే. తిండి తగ్గించినా మనిషి బతుకుతాడు ఆర్డిస్. ముక్కు మూస్తే బతుకుతాడా? నువ్వు కాల్చట్లేదు, పొగ పెడుతున్నావు. బస్తాలో సగం మసి అయి గొట్టంలోంచి పోతోంది." గొంతు తగ్గించి అన్నాడు, "అంటే సగం కర్ట్ ఊరికే పోతున్నాడన్నమాట."

ఆర్డిస్ గోడకి ఆనుకుంది.

"బాగుచెయ్యి," అంది. "ఏం చేస్తే ఎక్కువ రోజులొస్తాడో అది చెయ్యి."

"ఎక్కువసేపు కాలాలంటే శుభ్రంగా కాలాల్సిందే. ఒకటి వదిలేసి ఒకటి రాదు."

"శుభ్రంగా కాలితే... వాడు మేలుకుంటాడా?"

"ఎందుకు మేలుకోడు? ఊపిరాడక గాని వాడికి నిద్రేమిటి?"

ఆవిడ చాలాసేపు కుర్చీకేసి చూసింది. ఎక్కువ రోజులు కావాలి. మాట వద్దు. కానీ ఎక్కువ రోజులే ఎక్కువ కావాలి.

"సరే, కానీ," అంది.

పొయ్యి చల్లార్చారు. కుర్చీ ఖాళీ అయింది. ఆర్డిస్ ఆ రెండు రోజులూ వంటింట్లోనే ఉంది, ముందుగదిలోకి రాలేదు. లైల్ ముందు బయట గొట్టానికి ఆకులు ఊదే మిషన్ తగిలించి, లోపలున్న బూడిదంతా వెనక్కి లాగించాడు. మంచు మీద నల్లటి మబ్బు పడింది. పక్కింటి కుక్క గంటసేపు మొరిగింది. తర్వాత తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగాడు. కాగితం వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

"చూశావా? ఫ్యాను గాలి గిన్నె చిల్లుల్లోంచి రావాలి. అది ఈ సందుల్లోంచి దొంగతనంగా వచ్చేసి, మంటని పలకరించకుండా పోతోంది." తలుపు చుట్టూ పాత తాడు పీకి కొత్త తాడు అతికించాడు. ఈసారి కాగితం చిరిగింది గాని రాలేదు.

పాత గిన్నె చిల్లులు చిట్టెంతో సగం పూడిపోయాయి. తన షెడ్డులో మందపు రేకుతో కొత్త గిన్నె అతికాడు. చిల్లులు చిన్నవే గాని ఎక్కువ, అడుగున ఒకటే గాలి దారి. గిన్నె కూచునే చోట సందు లేకుండా సిమెంటు పూశాడు. ఇక ఆఖరిది మర. దాన్ని తిప్పే మోటారు తీసేసి, చాలా నెమ్మదిగా తిరిగేది బిగించాడు. గుప్పెడు పడే చోట నాలుగైదు గుళికలు పడతాయి. మంట మీద దుప్పటి కప్పినట్టు పడవు.

"ఇల్లు మునుపంత వెచ్చగా ఉండదు, చెప్తున్నా."

"కోటుంది నాకు."

మూడో రోజు మధ్యాహ్నం వెలిగించారు. పిడికెడు మంట. తెల్లగా, నిటారుగా, కుదురుగా. అద్దం మీద మచ్చ లేదు. లైల్ బయటికెళ్ళి గొట్టం వైపు చూసి, "పొగ లేదు! ఏదీ, కనపడదే!" అని తన పనికి తనే మురిసిపోయాడు. బస్తా మూడు రోజుల మీద ఒక పూట వచ్చింది.

కర్ట్ మొదటిరోజు గడ్డం ఎత్తాడు. రెండోరోజు చొక్కా మీది ఎర్ర గళ్ళు తెలిశాయి. అది ఎరుపని నెలరోజులుగా ఆవిడ మర్చేపోయింది. మూడోరోజు కళ్ళు తెరిచి కిటికీలోంచి మంచు చూశాడు. నాలుగోరోజు పొద్దున, ఆర్డిస్ కాఫీ పోసుకుంటుంటే, వెనకనుంచి వినిపించింది.

"అమ్మా, ఇంట్లో కోటేంటి?"

కప్పు బల్ల మీద పెట్టడానికి ఆవిడకి రెండు చేతులూ కావలసివచ్చాయి.

"చలిరా," అంది.

"నిజమే, చల్లగానే ఉంది." చుట్టూ చూశాడు. గొంతు బొంగురుగా, నిద్రలేచినవాడి గొంతులా ఉంది. "షెల్బీ బస్తాలు ఇచ్చేశావా?"

"ఏ బస్తాలు?"

"బండిలో ఉన్నవి. నీకు పాతిక, తనకి పాతిక. నీవి దింపి తనవి తీసుకెళ్తున్నాను కదా."

తెలుసు. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. షెడ్డులో పాతిక దింపినవాడు ఇంకో పాతిక తన వాకిలికే ఎందుకు తెస్తాడు? తెలిసి తెలిసి దాన్ని తనకి తనే కప్పెట్టుకుంది.

"ఇచ్చేశానురా," అంది.

కర్ట్ నవ్వాడు. "మంచిదానివి."

ఆ నవ్వు కోసం ఆర్డిస్ ఏమైనా ఇచ్చేసేది. ఆ రోజంతా గాల్లో తేలినట్టు తిరిగింది. కొడుకు మాట్లాడుతున్నాడు, తిట్టడం లేదు! మిల్లు కబుర్లు, చిన్నప్పుడు నదిలో పడిపోయిన బూటు కబురు. ఎదురింట్లో ఉండే నన్ను కూడా పిలిచి చూపించింది. నేనూ కూచుని నవ్వాను. నాకేం తెలుసు?

వారం తిరిగేసరికి వాడి నవ్వు తగ్గింది.

"అమ్మా, షెల్బీ నన్ను వెలిగించట్లేదు."

"ఏమోరా, పనుందేమో."

"పాతిక బస్తాల్లో ఒక్కటీ వెలిగించలేనంత పనా? వెలిగిస్తే నాకు తెలుస్తుందిగా. ఆ ట్రైలర్‌లో నేను కూచున్నట్టే లేదు." మళ్ళీ తనే, "కోపమొచ్చిందేమో. మధ్యాహ్నమే వస్తానని చెప్పి ఆలస్యం చేశాను. లేకపోతే అవతల పారేసిందేమో," అన్నాడు.

ఆర్డిస్ అల్లికలో కుట్లు తప్పింది.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. కర్ట్ రోజూ ఒకసారైనా ఆ మాట ఎత్తేవాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. కిటికీలోంచి వంతెన వైపు చూస్తూ కూచునేవాడు. అంత శుభ్రమైన మంటలో వాడి ముఖం మీది ప్రతి గీతా కనపడేది. అంత దుఃఖమూ కనపడేది. తల్లి చూపు తిప్పుకుందామన్నా ఆ చిన్నగదిలో ఎటు తిప్పుకుంటుంది? పాత మసి అద్దమే నయమనిపించేది.

కొత్త సంవత్సరం మొదటి వారంలో లైల్ గిన్నె చూడ్డానికి వచ్చాడు. వంటింట్లో కాఫీ తాగుతూ అన్నాడు, "బంకులో అమ్మాయి మానేస్తోందిట. శనివారం వెళ్ళిపోతోంది, అక్క దగ్గరికి. వదిలేసిపోయినవాడి ఊళ్ళో ఎందుకుంటాను అందిట. కర్ట్ వదిలేశాడని ఎవరు చెప్పారో ఆ పిల్లకి!"

ఆర్డిస్ సింకు దగ్గర వెనుదిరిగి నిలబడే ఉంది. నీళ్ళు వృథాగా పోతూనే ఉన్నాయి.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోయిందో లేదో నాకు తెలీదు. గురువారం మధ్యాహ్నం మాత్రం కుర్చీ ఎదురుగా పీట వేసుకుని కూచుని, పొయ్యి మీట ఆఖరుదాకా తిప్పింది. మంట గిన్నె నిండా లేచింది. ఇల్లు మొదటిసారి వెచ్చబడింది. కర్ట్ బతికున్నప్పటి కర్ట్‌లా అయ్యాడు, చెవుల కొసలు ఎర్రబడి.

"ఏంటమ్మా! అయిపోతాయి!"

"అయిపోనీ. నువ్వు బాగా వినాలి." కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "షెల్బీకి బస్తాలు ఇవ్వలేదురా నేను. ఒక్కటీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి అడిగితే తలుపేశాను. నువ్వు దాన్ని వదిలేశావని కూడా చెప్పాను."

మర తిరుగుతున్న చప్పుడు, గుళికలు గిన్నెలో పడుతున్న చప్పుడు. కోప్పడితే బావుండునని ఆవిడ ఎదురుచూసింది.

"ఇన్నాళ్ళూ ఆ పిల్లని తిట్టుకుంటూ కూచున్నానమ్మా," అన్నాడు చివరికి.

"నన్ను తిట్టుకో. ఆరోజు గుమ్మం తొక్కొద్దన్నానుగా, అందుకు కూడా కలిపి తిట్టుకో. ఆ మాటకి భయపడే నిన్ను నిద్రలో పెట్టాను."

"ఏ మాట?"

"గుమ్మం తొక్కొద్దన్నది."

కర్ట్ ఆవిడకేసి వింతగా చూశాడు. "అదా? హైస్కూల్లో జుట్టు పెంచినప్పుడు అన్నావు. మిల్లులో చేరినప్పుడు అన్నావు. బండి కొన్నప్పుడు రెండుసార్లన్నావు. అన్న ప్రతిసారీ సాయంత్రానికి మీట్‌లోఫ్ చేసి పెట్టేదానివి. ఆరోజు చెయ్యలేదూ?"

చేసింది. కైమా కలిపి, ఉల్లిపాయ తరిగి, పైన వాడికిష్టమైనట్టు టమాటా పూసి, నాలుగింటికి ఓవెన్లో పెట్టింది. బండి సంగతి ఎవరో వచ్చి చెప్పినప్పుడు అది ఇంకా ఓవెన్లోనే ఉంది. మాడిపోయిన వాసన వారంరోజులు వదల్లేదు.

"చేశాను," అంది.

"మరింకేంటి?" అన్నాడు కర్ట్.

ఆర్డిస్ అప్పుడు ఏడ్చింది. అక్టోబరు నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. వాడు ఏడవనిచ్చాడు. ఏడుపు కాస్త సర్దుకున్నాక అడిగాడు, "ఎన్ని మిగిలాయి?"

"పదహారు."

"పదహారు చాలు. కానీ అమ్మా, తన పొయ్యి కూడా పాతదే. స్కూలు వేలంలో నీదీ అదీ జతగా కొన్నాను, గుర్తుందా? అందులో పదహారూ రెండు వారాలకి మించి రావు."

"అయితే ఇదే తీసుకెళ్తారు. దానిది ఇక్కడికి తెస్తారు."

కర్ట్ ఆ గదంతా ఒకసారి చూశాడు. గోడ మీద తండ్రి ఫోటో, తన బూట్లు, తల్లి అల్లిక. "ఆర్పెయ్యి మరి," అన్నాడు మెల్లగా. "చల్లారితే గాని లైల్ మొయ్యలేడు."

మీట తిప్పడానికి ఆవిడ లేచింది. తిప్పాక కూచోలేదు. మంట చిన్నదవుతుంటే నిలబడే చూసింది, కుర్చీ ఖాళీ అయ్యేదాకా.

శనివారం పొద్దున లైల్ బండిలో పొయ్యి, బస్తాలు, ముందు సీట్లో ఆర్డిస్. షెల్బీ కారు ట్రైలర్ ముందు నిలిపి ఉంది, వెనక సీటు నిండా డబ్బాలు, పరుపు పైన కట్టి. షెల్బీ తాళంచెవి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంటిది?"

ఆర్డిస్ బండి దిగింది. "నీ బస్తాలు. పాతికుండాలి, పదహారున్నాయి. తొమ్మిది నేను కాల్చేశాను. వాడు ఆరోజు నీ దగ్గరికే వస్తున్నాడు. నీకు అబద్ధం చెప్పాను."

షెల్బీ ఒక్క అడుగు ముందుకేసింది. కొడుతుందనుకున్నాడు లైల్, అడ్డం వెళ్దామా అని కూడా చూశాడు. షెల్బీ కొట్టలేదు. మంచు నిండిన మెట్టు మీద కూలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుని, "మూడు నెలలు! మూడు నెలలండీ!" అంది.

లైల్ ట్రైలర్‌లోని పొయ్యి విప్పి, తెచ్చినది బిగించి, గొట్టం కలిపేసరికి రెండు గంటలు పట్టింది. ఆర్డిస్ అంతసేపూ చలిలోనే నిలబడింది. అంతా అయ్యాక షెల్బీ గుమ్మంలోకొచ్చింది.

"ఇవాళ మాత్రం మీరు లోపలికి రాకండి," అంది.

"రాను," అంది ఆర్డిస్.

ఇంటికొచ్చాక ట్రైలర్ నుంచి తెచ్చిన జత పొయ్యి లైల్ బిగించాడు. "దీన్ని కూడా అలాగే చేసిపెట్టనా?" అన్నాడు. "ఎందుకు?" అంది ఆవిడ. కొట్లో కొన్న ఎవరివో గుళికలు పోసి వెలిగించింది. అద్దం మసి పట్టడం మొదలైంది. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి వంతెన అవతలికి చూసింది.

పొగ లేదు.

వెలిగించలేదు! పట్టించుకోకుండా వెళ్ళిపోతోంది! తలుపు తీసుకుని చెప్పుల్తోనే మంచులోకి పరిగెత్తింది, కంచె దాకా. అక్కణ్ణించి చూస్తే గొట్టం చుట్టూ కప్పు మీద మంచు కరిగి పళ్ళెమంత మేర రేకు బయటపడి ఉంది. గొట్టం పైన గాలి సన్నగా వణుకుతోంది, వెనకనున్న చెట్లు నీళ్ళలో నీడల్లా కదులుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పొయ్యికి పొగ రాదని. తనే చేయించింది రాకుండా.

ఆవిడ అక్కడే నిలబడింది. కొంతసేపటికి షెల్బీ బయటికొచ్చి, కారులోంచి ఒక డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చి ఇంకోటి తీసుకెళ్ళింది. చివరికి పరుపు.

జనవరి గడిచింది. ఫిబ్రవరి గడిచింది. షెల్బీ మళ్ళీ బంకులో చేరింది. ఆర్డిస్ పెట్రోలుకి వెళ్తే చిల్లర ఇచ్చేది, మాటేమీ ఇచ్చేది కాదు. ఆర్డిస్ అడిగేది కాదు. కిటికీలోంచి ఆ వణికే గాలి చూసుకునేది, ఉన్నాడు అనుకునేది.

ఫిబ్రవరి ఆఖరి రోజు మధ్యాహ్నం తలుపు తట్టారు. షెల్బీ. చేతిలో మూత పెట్టిన చిన్న బకెట్.

"ఇదే ఆఖరు," అంది. "ఇక్కడ వెలిగించమన్నాడు."

ఆర్డిస్ దారి ఇచ్చింది. బకెట్ మూత తీసి చూసింది, నాలుగు గుప్పెళ్ళుంటాయి. "ఇది పాతదమ్మాయ్. మసి పొయ్యి. ఇందులో వాడు మేలుకోడు."

"చెప్పాను. పర్లేదన్నాడు. చెప్పాల్సినవన్నీ చెప్పేశాడుట, ఇక నిద్రొస్తోందిట." షెల్బీ బకెట్ పొయ్యి పక్కన దించింది. "అమ్మ దగ్గర నిద్రపోతానన్నాడు."

ఇద్దరూ కలిసి గుళికలు తొట్టిలో పోశారు. మంట నారింజరంగుగా, బద్ధకంగా లేచింది. పావుగంటకి కర్ట్ గోధుమరంగు కుర్చీలో ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి, కాళ్ళు చాపుకుని, నిద్రపోతూ. షెల్బీ కాఫీ కప్పు బల్ల మీద పెడితే టక్కుమంది. ఆర్డిస్ పెదవుల మీద వేలు పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ గుసగుసలతోనే మాట్లాడుకున్నారు, చంటిపిల్లాడు పడుకున్న ఇంట్లో మాట్లాడుకున్నట్టు. వాడు ట్రైలర్‌లో ఏమేం చెప్పాడో షెల్బీ చెప్పింది. నదిలో పడిపోయిన బూటు కబురు ఆర్డిస్ చెప్పింది.

మర తిరిగింది. ఏమీ పడలేదు. మంట గిన్నె అడుగుకి దిగింది, చిల్లుల మీద కాసేపు పాకింది, ఆరిపోయింది.

ఇద్దరూ కుర్చీకేసి చూడకుండా చాలాసేపు కూచున్నారు. షెల్బీ లేచి కోటు వెతుక్కుంది.

"ఎక్కడికి?" అంది ఆర్డిస్. గొంతు కటువుగానే వచ్చింది, ఆవిడ గొంతు ఎప్పుడూ అంతే. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, కైమా పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "కూచో. మీట్‌లోఫ్ చేస్తాను, తిని వెళ్దువుగాని."

షెల్బీ కోటు వంకీకి తగిలించి, కత్తి తీసుకుని ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది.